ఓవర్‌క్లాకింగుకు ఎంత ధర కట్టాలి? జంట ప్రాసెసర్ల ఎంపికపై ఒక సమీక్ష

కడప జిల్లా బద్వేలులో పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైన్లు చేసే స్టూడియో అయినా, డీటీపీ సెంటరైనా, బీటెక్ చదివే పిల్లలున్న ఇల్లయినా, కొత్త కంప్యూటరు అసెంబుల్ చేయించుకోవాలంటే కడపలోనో నెల్లూరులోనో కొటేషన్ తీసుకుంటారు. పెద్ద మొత్తమైతే చెన్నై రిచీ స్ట్రీట్ దాకానో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకానో పోతారు. ఎక్కడికి పోయినా కొటేషన్లో మొదటి వరుస దగ్గరే సందేహం మొదలవుతుంది. ఒకే తరం, ఒకే సంఖ్యలో కోర్లు, పేరు చివర ఒక్క అక్షరం తేడా. ఏఎండీలో రైజెన్ 5 7600 పక్కనే 7600ఎక్స్ ఉంటుంది. ఇంటెల్‌లో మామూలు ఐ5 పక్కన 'కె' ఒకటి, 'ఎఫ్' ఒకటి ఉంటాయి. ధరలో మాత్రం వేలల్లో తేడా. దేనికంత తేడా అని అడిగితే వచ్చే జవాబుల్లో ఓవర్‌క్లాకింగు మాట తప్పకుండా ఉంటుంది. కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడిపించడమే ఓవర్‌క్లాకింగు. ఆ అవకాశానికి డబ్బు పెట్టవచ్చా, పెడితే ఎంత అన్నది పాతికేళ్లకు పైగా నలుగుతున్న చర్చ. ఒక్కొక్కరు ఒక్కో కాలంనాటి అనుభవాన్ని పట్టుకుని మాట్లాడటం వల్ల అది ఇవాళ బాగా చిక్కుపడిపోయింది. 1998లో నిజమైన మాటను ఇవాళ్టి కొటేషన్‌కు, అమెరికాలోని ఏసీ గదిలో తేలిన మాటను కడప జిల్లా మే నెలకు అన్వయిస్తున్నారు. ఈ చర్చలో ఏ మాట ఏ కాలానిదో, ఏ చోటిదో ముందుగా విడదీయాలి.

సెలెరాన్ నుంచి రైజెన్ దాకా

1998 ఆగస్టు 24న ఇంటెల్ ఒకే రోజు రెండు ప్రాసెసర్లు విడుదల చేసింది. 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 టోకు ధర 669 డాలర్లు. 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఎ ధర 149 డాలర్లు. సెలెరాన్ వేగం లెక్క చాలా సులువు. మదర్‌బోర్డు బస్ స్పీడు 66 మెగాహెర్ట్జ్, ప్రాసెసర్‌లోని గుణకం నాలుగున్నర. బోర్డులో ఆ 66ను 100 చేస్తే గుణకం మారకుండానే 450 వస్తుంది. పెంటియం 2లో క్యాషే మెమరీ వేరే చిప్పుల్లో ఉండి సగం వేగంతోనే పనిచేసేది. సెలెరాన్‌లో ఉన్నది 128 కిలోబైట్లే అయినా ప్రాసెసర్ లోపలే, పూర్తి వేగంతో ఉండేది. అందుకే అలా 450కి పెంచిన సెలెరాన్లు చాలా పనుల్లో నాలుగు రెట్లకు పైగా ఖరీదున్న పెంటియం 2తో సమానంగా నిలిచాయి. చవకది కొని వేగం పెంచుకోవాలి అన్న సూత్రానికి ప్రతిష్ఠ వచ్చింది ఇక్కడినుంచే.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది. ఒకే రకం సిలికాన్ పలకల మీద తయారైన చిప్పులను కంపెనీ పరీక్షించి, ఒకే కళ్లంలోని వేరుశనగను జల్లెడ పట్టి గ్రేడు కట్టినట్టు, ఎక్కువ వేగం తట్టుకునేవాటిని ఒక పేరుతో, తక్కువ తట్టుకునేవాటిని ఇంకో పేరుతో అమ్ముతుంది. కొంతకాలానికి తయారీ మెరుగుపడి చాలావరకు పై గ్రేడు చిప్పులే వస్తాయి. కానీ బజారులో ఎక్కువమంది అడిగేది చవక రకాన్ని. అప్పుడు మంచి చిప్పునే చిన్న పేరుతో అమ్మక తప్పదు. ఓవర్‌క్లాకింగు చేసేవారు వాడుకున్నది ఆ మిగులునే. 2003లో వచ్చిన ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ 2500ప్లస్‌లో గుణకం 11, బస్ స్పీడు 166. బస్‌ను 200 చేస్తే 1.83 గిగాహెర్ట్జ్ చిప్పు 2.2 గిగాహెర్ట్జ్‌కు చేరి, ఎంతో ఎక్కువ ధరకు అమ్ముడయ్యే 3200ప్లస్‌తో సమానమయ్యేది. తర్వాత కోర్ 2 తరంలో, ముఖ్యంగా క్వాడ్ కోర్ క్యూ6600లో, 2.4 గిగాహెర్ట్జ్ నుంచి మూడు దాటించడం మామూలు విషయమైంది. 2009 నాటి ఫెనామ్ 2 ఎక్స్2 550 అయితే రెండు కోర్ల పేరుతో అమ్ముడైన నాలుగు కోర్ల చిప్పు. మూసిపెట్టిన రెండింటినీ కొన్ని మదర్‌బోర్డులతో తెరవగలిగేవారు. అన్ని చిప్పుల్లోనూ అవి సరిగా పనిచేసేవి కావు.

2011 జనవరిలో ఈ దారి ఇరుకైంది. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరంలో, బస్ స్పీడు స్థానంలో ఉన్న మూల గడియారాన్ని మిగతా వ్యవస్థ అంతటితో ముడివేసింది. దాన్ని కొద్దిగా కదిపినా డిస్కులు, ఇతర భాగాలు తడబడేవి. వేగం పెంచాలంటే గుణకమే మార్చాలి, గుణకం తాళం పూర్తిగా తీసి ఉన్నది 'కె' రకాలకే. ఐ5-2500 ధర 205 డాలర్లు, 2500కె ధర 216. పదకొండు డాలర్లకు 3.3 గిగాహెర్ట్జ్ చిప్పు మామూలు గాలి ఫ్యానుతో నాలుగున్నర దరిదాపులకు పోయేది కాబట్టి అప్పుడెవరూ బాధపడలేదు. పైగా అది ఈ చర్చ మొత్తంలోనే అత్యంత లాభసాటి బేరాల్లో ఒకటి. కానీ అంతకుముందు బజారులో ఊరికే దొరికిన మిగులుకు ధర చీటీ పడింది. ఆ ధరతో పాటు పీ67 లాంటి ఖరీదైన బోర్డు కూడా కొనాలన్న షరతు వచ్చింది. 2015 చివర కొన్ని మదర్‌బోర్డు కంపెనీలు స్కైలేక్ తరంలో 'కె' కాని చిప్పుల వేగం పెంచే దారి కనిపెట్టినా, 2016 మొదటి నెలల్లోనే ఇంటెల్ దాన్ని మూయించింది.

2017 మార్చిలో ఏఎండీ రైజెన్‌తో అన్ని చిప్పులకూ తాళాలు తీసేసింది. ఎనిమిది కోర్ల రైజెన్ 7లో మూడు రకాలు వచ్చాయి: 1700 ధర 329 డాలర్లు, 1700ఎక్స్ 399, 1800ఎక్స్ 499. మూడింటిలోనూ ఉన్నది ఒకే సిలికాన్. చేతితో వేగం పెంచితే మూడూ నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గరకు వచ్చి ఆగేవి. చవకదానికే ఫ్యాను ఉచితంగా వచ్చేది, పై రెండింటికీ రాదు. ఆ ఏడాది 1700 కొని వేగం పెంచుకున్నవారు 170 డాలర్లు నిజంగానే మిగుల్చుకున్నారు. పాత సూత్రం పూర్తిగా నిలబడిన చివరి పెద్ద సందర్భం అదేనని చెప్పాలి.

మిగులు ఎవరి చేతికి పోయింది

2008లో ఇంటెల్ నెహాలెమ్ తరంతో వచ్చిన టర్బో, ఆ తర్వాత ఏఎండీ ప్రిసిషన్ బూస్ట్, ఓవర్‌క్లాకింగు చేసేవారి పనిని ప్రాసెసర్‌కే అప్పగించాయి. వేడి ఎంతుంది, కరెంటు ఎంత లాగుతోంది, ఎన్ని కోర్లు పనిలో ఉన్నాయి అని చిప్పే క్షణక్షణం చూసుకుని, వెళ్లగలిగినంత వేగానికి తానే వెళుతుంది. తయారీలో మిగిలిన సత్తువ ఇప్పుడు పెట్టెలోంచి తీసిన మొదటి రోజే ఖర్చయిపోతోంది. 2022లో వచ్చిన రైజెన్ 7600ఎక్స్‌ను భారమైన పని పడితే 95 డిగ్రీల దాకా పోయేలాగే తయారు చేశామని ఏఎండీ బాహాటంగా చెప్పింది. దాని మీద చేతితో పెంచుకోవడానికి మిగిలింది బహు కొద్ది.

బజారు కూడా ఇదే సాక్ష్యం చెప్పింది. అమెరికాలో సిలికాన్ లాటరీ అనే సంస్థ ఉండేది. ప్రాసెసర్లు కొని, ఒక్కొక్కటి ఎంత వేగం తట్టుకుంటుందో పరీక్షించి, ఎక్కువ తట్టుకునేవాటిని ఎక్కువ ధరకు అమ్మేది. ఓవర్‌క్లాకింగు సత్తాకు నేరుగా ధర కట్టిన వ్యాపారం అది. చిప్పుల్లో అలాంటి మిగులు తగ్గిపోతోందంటూ ఆ సంస్థ 2021లో మూతపడింది. ఓవర్‌క్లాకింగులో చిప్పు పాడైతే మార్చి ఇస్తామంటూ ఇంటెల్ విడిగా అమ్మిన రక్షణ పథకాన్ని కూడా గిరాకీ తగ్గిందని అదే ఏడాది ఆపేసింది. 2022లో ఏఎండీ 5800ఎక్స్3డీని గుణకానికి తాళం వేసే అమ్మింది. అయినా గేములు ఆడేవారు 96 మెగాబైట్ల క్యాషే కోసం ఎగబడి కొన్నారు. వేగం పెంచుకునే వీలు లేకపోవడం దాని గిరాకీని తగ్గించలేకపోయింది.

కాబట్టి ఈ వ్యాసం వాదన ఇది: జంట ప్రాసెసర్ల మధ్య ఓవర్‌క్లాకింగు అవకాశానికి ఇవాళ విడిగా కట్టదగిన ధర చాలా స్వల్పం. రాయలసీమ లాంటి వేడి ప్రాంతంలో అది ఇంకా స్వల్పం. ఎంపిక చేయాల్సింది చిప్పు ధర చూసి కాదు, ఆ చిప్పు తన వెంట లాక్కొచ్చే బోర్డు, ఫ్యాను, ఎస్ఎంపీఎస్, యూపీఎస్‌ల మొత్తం బిల్లు చూసి.

మూడు వాదాలు

మొదటిది చవకది కొని పెంచుకునే వాదం. సెలెరాన్, 2500ప్లస్, రైజెన్ 1700 దీని సాక్షులు. ఏఎండీ వైపు దీనికి ఇంకా కొంత ప్రాణం ఉంది. 7600 విడుదల ధర 229 డాలర్లు, 7600ఎక్స్ విడుదల ధర 299, అంటే ముప్పై శాతం ఎక్కువ. గేముల్లో తేడా నాలుగైదు శాతం మాత్రమే. 7600కు తాళం లేదు, బీ650 బోర్డు సరిపోతుంది, ఫ్యాను పెట్టెలోనే వస్తుంది. కరెంటు పరిమితిని సడలిస్తే ఆ నాలుగైదు శాతంలో చాలాభాగం చేతికొస్తుంది. అయితే ఈ వాదులు చూడని సంగతి ఒకటుంది. ఇక్కడ లాభం వచ్చింది చవకది కొన్నందుకు, వేగం పెంచినందుకు కాదు. పెంచకుండా వదిలేసినా 7600 మంచి బేరమే.

రెండోది పై రకమే కొనాలన్న వాదం. 'ఎక్స్', 'కె' రకాలు ఏరి పెట్టిన చిప్పులని, వేగం హామీతో వస్తుందని, అమ్మేటప్పుడు ధర పలుకుతుందని వీరంటారు. ఏరి పెట్టినవన్నది నిజమే. కానీ ఇంటెల్ 'కె'లో గుణకం మార్చాలంటే జెడ్ వరుస బోర్డు ఉండాలి. బీ660, బీ760 బోర్డుల్లో ర్యాము వేగం పెంచుకోవచ్చు కానీ ప్రాసెసర్ గుణకం మార్చడానికి లేదు. హెచ్610లో ర్యాముకూ వీలు లేదు. 'కె' పెట్టెలో ఫ్యాను రాదు. చిప్పు దగ్గర రెండు వేలుగా కనిపించిన తేడా బోర్డు, ఫ్యాను కలిశాక ఎన్నో రెట్లవుతుంది. హెచ్610 బోర్డు మీద 'కె' ప్రాసెసర్ రాసి ఉన్న కొటేషన్ చూస్తే, ఓవర్‌క్లాకింగు పేరుతో ఇచ్చిన డబ్బుకు ఏమీ రాదని వెంటనే గ్రహించాలి.

మూడోది ఇటీవల బలపడిన వాదం: వేగం పెంచడం మాని, వోల్టేజి, కరెంటు పరిమితి తగ్గించుకోవాలి. చిప్పులో పుట్టే వేడి వేగంతో సమానంగా పెరుగుతుంది, వోల్టేజితో మాత్రం వర్గంగా పెరుగుతుంది. పది శాతం వేగం కోసం వోల్టేజిని 1.20 నుంచి 1.35కు పెంచారనుకుందాం. వోల్టేజి వల్ల 1.27 రెట్లు, వేగం వల్ల 1.1 రెట్లు, రెండూ కలిసి వేడి దాదాపు నలభై శాతం పెరుగుతుంది. ఇదే లెక్కను తిరగేస్తే కొద్ది వేగం వదులుకుని చాలా వేడి తగ్గించవచ్చు. ఏఎండీ ఎకో మోడ్ చేసేది ఇదే.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి వాదం చవక చిప్పు విషయంలో సరైనది, కానీ కారణం పాతది. రెండోది చిప్పు నాణ్యత విషయంలో సరైనది, బిల్లు విషయంలో తప్పింది. మూడోది మన వాతావరణానికి దగ్గరది, అయితే బయోస్‌లోకి వెళ్లి మార్చే ఓపిక ఉన్నవారికే ఉపయోగపడుతుంది.

సీమ ఎండలో లెక్క

ఇంతవరకు చెప్పిన అంకెలన్నీ చల్లటి గదుల్లో తేలినవి. ఫ్యాను, హీట్‌సింకు ఎంత మంచివైనా ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా చేయలేవు. గది వేడికి పైన ఎన్ని డిగ్రీల దగ్గర నిలబెట్టగలవన్నదే వాటి సత్తా. ఒక ఫ్యాను భారమైన పనిలో చిప్పును గది కంటే 55 డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపుతుందనుకుందాం. 22 డిగ్రీల గదిలో చిప్పు 77 దగ్గర ఉంటుంది, పెంచుకోవడానికి ఇంకా పద్దెనిమిది డిగ్రీల చోటుంది. బద్వేలులో మే నెల మధ్యాహ్నం, నాపరాళ్ల మిద్దె కిందో రేకుల గదిలోనో లోపలే 40 డిగ్రీలుంటే అదే చిప్పు 95కు చేరుతుంది. 7600ఎక్స్ హద్దు అదే. అక్కడినుంచి చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఓవర్‌క్లాక్ చేసి సాధించిన వంద, రెండు వందల మెగాహెర్ట్జ్, రెండు గంటల పెళ్లి వీడియో రెండరింగుకు పెట్టిన కాసేపటికే పోతాయి. పెట్టె లోపలి గాలి గదికంటే వేడిగా ఉంటుంది, రోడ్డు దుమ్ము హీట్‌సింకు రెక్కల మధ్య పేరుకుంటుంది. ఈ రెండింటినీ కలిపితే పరిస్థితి పైన వేసిన లెక్క కంటే గడ్డుగానే ఉంటుంది. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్‌ను క్యాబినెట్ మీదికి తిప్పిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. తేమ, దుమ్ము కలిసి బోర్డు మీద పేరుకునే ఆ పద్ధతి మానడం మంచిది.

యూపీఎస్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఎక్కువమంది వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా లాగేది 88 వాట్లు, 7600ఎక్స్ 142. స్టూడియోలో 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉందనుకుందాం. బోర్డు, డిస్కులు, మానిటరు కలిపి యాభై. ఎస్ఎంపీఎస్‌లో పోయే నష్టాన్ని కలిపితే మొదటి సిస్టమ్ 350 దగ్గర అంచున నిలుస్తుంది, రెండోది 400 దాటుతుంది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ పూర్తి భారంలో ఉన్నప్పుడు కరెంటు పోతే రెండో సిస్టమ్ యూపీఎస్ ఉండి కూడా ఆగిపోతుంది, రెండరింగు మళ్లీ మొదటినుంచి చేయాలి. అంటే 'ఎక్స్' వెంట పెద్ద యూపీఎస్ కూడా బిల్లులో చేరాలి. నెల కరెంటు బిల్లులో తేడా మాత్రం పెద్దది కాదు: 54 వాట్లు, రోజుకు ఎనిమిది గంటలు, పాతిక రోజులు వేసుకున్నా పదకొండు యూనిట్లు దాటదు.

స్టూడియోలకు ఇంకొక సంగతి ఓవర్‌క్లాకింగు కంటే ముఖ్యం. ఇంటెల్ 'ఎఫ్' రకాల్లో లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు. వాటితో పాటు క్విక్ సింక్ పోతుంది. ఎడియస్, ప్రీమియర్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కెమెరా నుంచి వచ్చిన హెచ్.264 ఫైళ్లను తెరవడానికి, బయటికి తీయడానికి దాన్ని వాడుకోగలవు. ఒకటి రెండు వేలు తగ్గుతాయని 'ఎఫ్' తీసుకున్న స్టూడియోకు, ఎంత ఓవర్‌క్లాక్ చేసినా పూడ్చలేని నష్టం వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజు మానిటరు మీద బొమ్మ కూడా రాదు. బిల్లు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రాసెసర్ల మీద జీఎస్టీ 18 శాతం. సాధారణ పద్ధతిలో రిజిస్టరైన వ్యాపారి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి పొందవచ్చు, కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఆ వీలు లేదు. పెట్టె లేకుండా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు పెట్టె ప్రాసెసర్‌లాగా కంపెనీ నుంచి నేరుగా మూడేళ్ల వారంటీ ఉండదు. జంట చిప్పుల ధర పోల్చేటప్పుడు ఒకటి పెట్టె ధర, ఒకటి ట్రే ధర అయితే ఆ పోలికే చెల్లదు.

అభ్యంతరాలు

స్టూడియోలో ఏసీ ఉంటుంది కదా అనవచ్చు. ఏసీ నడిచినంతసేపూ ఓవర్‌క్లాకింగుకు చోటుంటుంది, నిజమే. కానీ రాత్రంతా రెండరింగుకు పెట్టి షాపు మూసి వెళ్లేటప్పుడు ఏసీ ఆపేస్తారు. భారమంతా పడేది అప్పుడే.

'కె' చిప్పు కొన్నిసార్లు మామూలుదానికంటే చవకగా దొరుకుతుందన్నది మరింత బలమైన అభ్యంతరం. ఆన్‌లైన్ అమ్మకాల్లో అలా జరుగుతూనే ఉంటుంది. అప్పుడు 'కె' తీసుకోవడమే మంచిది, అయితే బీ వరుస బోర్డు మీద, కరెంటు పరిమితి పెట్టి వాడుకోవాలి. ఏరిన చిప్పు కాబట్టి అదే వేగానికి తక్కువ వోల్టేజి సరిపోయే అవకాశం ఎక్కువ. ఈ మినహాయింపు వాదనకు అడ్డు రాదు, ఎందుకంటే ఇక్కడ కూడా నిర్ణయించింది మొత్తం బిల్లే.

ఇంజనీరింగు విద్యార్థులకు ఓవర్‌క్లాకింగు చదువులో భాగం అనే మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వోల్టేజి, వేడి, స్థిరత్వం మధ్య సంబంధం చేతితో చేసి చూస్తే తెలిసినంతగా పుస్తకంలో తెలియదు. కానీ దానికి కొత్త 'కె' చిప్పు, జెడ్ బోర్డు అక్కర్లేదు. సెకండ్ హ్యాండులో దొరికే తొలి తరం రైజెన్, బీ350 బోర్డు చాలు. ఏ320 బోర్డు మాత్రం దీనికి పనికిరాదు.

పై రకాలు ఎక్కువకాలం మన్నుతాయన్న నమ్మకాన్ని 2024 పెద్ద దెబ్బ కొట్టింది. ఇంటెల్ 13, 14 తరాల్లోని పెద్ద ప్రాసెసర్లు పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోవడానికి కారణం, అవసరానికి మించిన వోల్టేజి, వేడి వల్ల లోపలి గడియార సర్క్యూటు ముందుగానే అరిగిపోవడమని కంపెనీ తేల్చింది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి వారంటీని రెండేళ్లు పొడిగించింది. దెబ్బ తిన్నవాటిలో 'కె' కాని ఐ7, ఐ9 రకాలు కూడా ఉన్నాయి కాబట్టి దోషాన్ని ఓవర్‌క్లాకింగు మీదకు నెట్టడం సరికాదు. అయితే తప్పు ఎవరిదైనా, వోల్టేజి హద్దుల అంచున నడిచే చిప్పుకు ఏమవుతుందో అది చూపించింది. ఈ తరాల చిప్పును సెకండ్ హ్యాండులో కొనేవారు బయోస్ అప్‌డేట్ అయిందో లేదో, వారంటీ మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.

తేలని సంగతులు

ఓవర్‌క్లాకింగుకు, కంపెనీ ఇచ్చిన వేగానికి మధ్య గీత ఎక్కడుందో ఇప్పుడు చెప్పడం కష్టమైంది. 2024లో 65 వాట్ల రైజెన్ 9600ఎక్స్ విడుదల చేసిన ఏఎండీ, కొద్దివారాలకే బయోస్ సవరణతో 105 వాట్ల పద్ధతిని వారంటీతో సహా ఇచ్చింది. అదే పని కొనేవాళ్లు సొంతంగా చేసుకుంటే వారంటీ వర్తించదు. ర్యాము పెట్టె మీద అచ్చువేసిన వేగానికి పెట్టుకోవడం కూడా షరతుల ప్రకారం ఓవర్‌క్లాకింగే. ఒకే చిప్పుకు వేర్వేరు మదర్‌బోర్డు కంపెనీలు తొలి అమరికలోనే వేర్వేరు కరెంటు పరిమితులు పెడుతున్నాయి. చిప్పుల పోలికలు చాలాసార్లు బోర్డుల పోలికలుగా మారిపోవడానికి కారణం అదే.

మనకు అన్నిటికంటే పెద్ద లోటు వేడి గదుల్లో కొలిచిన అంకెలు లేకపోవడం. పేరున్న సమీక్షకులు ఇరవై, పాతిక డిగ్రీల గదుల్లో పరీక్షిస్తారు. నలభై డిగ్రీల గదిలో 7600కూ 7600ఎక్స్‌కూ మధ్య ఆ నాలుగైదు శాతం మిగులుతుందా, మాయమవుతుందా అన్నది పైన వేసిన లెక్కలతో ఊహించగలం కానీ రుజువు చేయలేం. ఇది పెద్ద పరిశోధనశాల అడిగే పని కాదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాలలోనో నలుగురు విద్యార్థులు రెండు చిప్పులు, ఒకే బోర్డు, ఒకే ఫ్యాను, గోడ దగ్గర పెట్టే వాట్ మీటరు తీసుకుని మే నెలలో ఏసీ లేని గదిలో చేయగలరు. గంట నిడివి ఉన్న ఒకే పెళ్లి వీడియోను రెండింటి మీదా రెండర్ చేయాలి: మొదట కంపెనీ అమరికలో, తర్వాత వేగం పెంచి, ఆ తర్వాత 65 వాట్లకు కుదించి. ప్రతిసారీ గది వేడి, చిప్పు వేడి, పట్టిన సమయం, లాగిన యూనిట్లు రాసుకోవాలి. ఇదే జనవరిలో మరోసారి చేస్తే పోల్చడానికి రెండో వరుస దొరుకుతుంది.